బీడీఎస్, అంటే పళ్ళ డాక్టర్ చదువు, చేసినోళ్ళకి తెలంగాణలో జీతం ఎందుకంత తక్కువ, మరి డబ్బంతా ఎటు పోతోంది?

అఫ్జల్‌గంజ్ గవర్నమెంట్ డెంటల్ కాలేజీలో హౌస్ సర్జన్‌గా, అంటే చివరి ఏడాది ఇంటర్న్‌గా ఉన్న అమ్మాయికి నెలకి వచ్చే స్టైపెండ్ 29,792 రూపాయలు. 2025 జూన్ చివర్లో ప్రభుత్వం 15 శాతం పెంచాక వచ్చిన లెక్క ఇది. అదే అమ్మాయి ఇంటర్న్‌షిప్ అయిపోయి, డెంటల్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకుని, పేరు ముందు డాక్టర్ అని పెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్‌లోనో కూకట్‌పల్లిలోనో ఒక క్లినిక్‌కి ఉద్యోగానికి వెళ్తే ఓనర్ సార్ చెప్పే అంకె పదిహేను వేలు. కాస్త గట్టిగా అడిగితే పద్దెనిమిది, పెద్ద చెయిన్ అయితే ఇరవై నుంచి ఇరవై ఐదు ప్లస్ ఇన్సెంటివ్ అంటారు, ఆ ఇన్సెంటివ్ టార్గెట్ దాటితేనే. అంటే చదువు పూర్తయ్యాక జీతం సగానికి పడిపోతుందన్నమాట. ప్రైవేట్ కాలేజీలో చదివినోళ్ళకి ఈ షాక్ ఉండదు లెండి, చాలా చోట్ల వాళ్ళకి స్టైపెండ్ అంటూ చేతికొచ్చేదే అంతంతమాత్రం.

దీనికి అందరూ చెప్పే కారణం ఒకటే, డెంటిస్టులు ఎక్కువైపోయారని. అబద్ధం కాదు. దేశంలో 300కి పైగా డెంటల్ కాలేజీలు, ఏటా 25 వేలకి పైగా బీడీఎస్ సీట్లు ఉన్నాయి. తెలంగాణలో రాష్ట్ర ప్రభుత్వ కాలేజీ అఫ్జల్‌గంజ్‌లో ఉన్నదొక్కటే, మిగతా సీట్లన్నీ దాదాపుగా ప్రైవేట్‌లోనే, ఖమ్మం నుంచి నిజామాబాద్ దాకా, నార్కట్‌పల్లి నుంచి వికారాబాద్ దాకా. నీట్‌లో ఎంబీబీఎస్ ర్యాంకు రానివాళ్ళు, వచ్చే ఏడు మళ్ళీ రాద్దాంలే అనుకుంటూనే జాయిన్ అయ్యి అక్కడే ఉండిపోయినవాళ్ళు ఇందులో బోలెడుమంది. అయితే ఎక్కువమంది ఉన్నారు కాబట్టే జీతం తక్కువ అంటే, మరి అదే కూకట్‌పల్లిలో రెండో బ్రాంచి, మూడో బ్రాంచి తెరుస్తున్న డెంటిస్టులు ఎక్కణ్ణుంచి వచ్చారు? వాళ్ళు చదివింది కూడా ఆ బీడీఎస్సే కదా.

నాకు అర్థమైనంతలో అసలు సంగతి ఏంటంటే, డెంటల్‌లో డబ్బు డిగ్రీకి రాదు. మూడింటికి వస్తుంది: చైర్, అంటే క్లినిక్, ఎవరిది, కేసు పూర్తి చేసే చెయ్యి ఎవరిది, పేషెంట్ ఎవర్ని నమ్మి వచ్చాడు. కొత్తగా బయటికొచ్చిన బీడీఎస్ దగ్గర ఈ మూడూ ఉండవు. అందుకే ఆ జీతం డాక్టర్ పనికిచ్చే జీతం కాదు, ఓనర్ లేని టైంలో క్లినిక్ తలుపు తెరిచి కూర్చున్నందుకు ఇచ్చే జీతం. వినడానికి కటువుగా ఉంటుంది కానీ ఒక కేసు లెక్క వేసి చూస్తే మీకే తెలుస్తుంది.

హైదరాబాద్‌లో ఒక మోస్తరు ఏరియాలో క్లినిక్ అనుకుందాం. దవడ పన్నుకి రూట్ కెనాల్ నాలుగు వేలు, పైన జిర్కోనియా క్యాప్ ఆరు వేలు, మొత్తం పది వేలు. పేషెంట్ దృష్టిలో డాక్టర్ ఒక్క పన్నుకి పదివేలు గుంజాడు. ఇప్పుడు ఆ పది ఎటెళ్తుందో చూడండి. రూట్ కెనాల్ చేయడానికి బయట్నుంచి ఎండో స్పెషలిస్ట్ వస్తాడు, వాడుక భాషలో కన్సల్టెంట్, ఆయనకి ఈ కేసుకి 1,800 అనుకుందాం. క్యాప్ తయారుచేసే ల్యాబ్‌కి 2,200. మత్తు ఇంజెక్షన్, పన్ను వేరు లోపల శుభ్రం చేసే సన్నటి ఫైళ్ళు, ఆ ఖాళీని నింపే గట్టా పెర్చా, అచ్చు తీసే ఇంప్రెషన్ మెటీరియల్, గ్లవ్స్ అన్నీ కలిపి ఒక 500. మిగిలింది 5,500. అది ఓనర్ లాభం అనుకుంటే తప్పులో కాలేసినట్టే, ఎందుకంటే అద్దె 35 వేలు, ఇద్దరు అసిస్టెంట్లకి 24 వేలు, రిసెప్షన్‌లో అమ్మాయికి 15 వేలు, చైరూ ఎక్స్‌రే మిషనూ కొన్న లోన్ ఈఎంఐ 25 వేలు, కరెంటూ నీళ్ళూ 6 వేలు, గూగుల్‌లో ఇన్‌స్టాలో యాడ్స్‌కి 15 వేలు, బయోమెడికల్ వేస్ట్ వాళ్ళకీ చిల్లరమల్లర ఖర్చులకీ 2 వేలు, జూనియర్ డాక్టర్‌కి 18 వేలు. కూడితే లక్షా నలభై వేలు. అంటే నెలకి ఇలాంటి కేసులు పాతిక, ఇరవయ్యారు పడితేనే ఓనర్‌కి సున్నా దగ్గరికి వచ్చినట్టు. ఇరవయ్యేడో కేసు నుంచి ఆయన ఇంటికి కూరగాయలు. ఈ అంకెలు ఏరియాని బట్టి అటూఇటూ అవుతాయి, మాదాపూర్‌లో అద్దె డబుల్ ఉంటుంది, రేటూ డబుల్ ఉంటుంది, కానీ లెక్క నడిచే దారి ఇదే.

ఇందులో జూనియర్ ఎక్కడున్నాడో చూశారా? అద్దె, కరెంటు బిల్లు పక్కన ఉన్నాడు. అదే కన్సల్టెంట్ ఉన్నది కేసు పక్కన. కేసు వస్తేనే ఓనర్ జేబులోంచి పోయేది కన్సల్టెంట్ డబ్బు, కేసు రాకపోయినా పోయేది జూనియర్ డబ్బు. రెండో రకం ఖర్చుని ఎవరైనా తగ్గించాలనే చూస్తారు. నిజానికి ఆ పేషెంట్‌తో అరగంట మాట్లాడి, ఎక్స్‌రే తీసి చూపించి, "పీకించుకోకండి అంకుల్, ఈ పన్ను బాగయితది" అని ఒప్పించింది ఆ జూనియరే అయ్యుండొచ్చు. దానికి విడిగా పైసా రాదు. పైగా చాలాచోట్ల కన్సల్టేషన్ ఫ్రీ అని బోర్డు పెట్టేస్తున్నారు, అంటే జూనియర్ చేసే ఆ ఒక్క పనికి మార్కెట్టే సున్నా రేటు కట్టేసిందన్నమాట.

కాబట్టి జీతం ఎంతిస్తారు అన్నది అసలు సిసలు ప్రశ్న కాదు. పర్సెంటేజీ ఎప్పుడిస్తారు, దేని మీద ఇస్తారు అన్నది అడగాలి. ఇదే కేసులో జూనియర్ రూట్ కెనాల్ తనే చేయగలిగాడనుకోండి, మెటీరియల్ తీసేస్తే 3,500, అందులో 30 శాతం అంటే 1,050. నెలకి అలాంటివి ఇరవై చేస్తే 21 వేలు, ఫిక్స్‌డ్ జీతం దాటేసింది, ఓనర్‌కి కూడా కన్సల్టెంట్ కంటే చవకే. ఇద్దరికీ లాభమే కదా, మరి ఎందుకివ్వరు? ఎందుకంటే ఫైల్ విరుగుతుంది. దవడ పన్ను వంకర కెనాల్‌లో సన్నటి ఫైల్ ముక్క ఇరుక్కుపోయిందంటే దాన్ని తీయడానికి మైక్రోస్కోప్ ఉన్న ఎండోడాంటిస్ట్ కావాలి, పేషెంట్‌కి జరిగింది చెప్పాలి, ఆయన గూగుల్‌లో ఒక స్టార్ కొడతాడు, ఆ స్టార్ ఓనర్ క్లినిక్ పేరు మీద ఉంటుంది, జూనియర్ పేరు మీద కాదు. బీడీఎస్ నాలుగేళ్ళలో, హౌస్ సర్జన్సీ ఏడాదిలో చేసిన రూట్ కెనాల్స్ ఎక్కువగా ముందు పళ్ళకే, ఒక్క కెనాల్ ఉండేవి. దవడ పన్నుకి మూడో నాలుగో ఉంటాయి. కొన్ని ప్రైవేట్ కాలేజీలకి పేషెంట్లే సరిగా రారు, బస్సులు పెట్టి క్యాంపుల నుంచి తోలుకొస్తారు, ఇక పిల్లలకి చెయ్యి ఎక్కడ తిరుగుతుంది? అందుకే మొదటి రెండేళ్ళు జీతం తక్కువైనా సరే, పక్కన నిలబెట్టి నేర్పించే ఓనర్ దొరికితే పదిహేను వేలకి కూడా వెళ్ళొచ్చు అని నేనంటాను, నేర్పకుండా ఓపీ రాయించే చోట పాతిక వేలు ఇచ్చినా దండగే. ఈ మాట అంటే కొందరికి కోపమొస్తుంది, ఓనర్లని వెనకేసుకొస్తున్నావంటారు, అనుకోనీండి.

సరే, ఆ కన్సల్టెంట్ సంగతి. ఎండీఎస్, అంటే డెంటల్ పీజీ, చేస్తే బాగుపడతామని అందరూ అనుకునేది ఈయన్ని చూసే. బైక్ డిక్కీలో రూట్ కెనాల్ సామాను, అంటే ఎండోమోటార్, అపెక్స్ లొకేటర్, ఫైళ్ళ బాక్సు వేసుకుని పొద్దున ఉప్పల్, మధ్యాహ్నం నాచారం, సాయంత్రం ఈసీఐఎల్ అని తిరుగుతుంటాడు. కేసుకి ఇంత, లేదా 40 నుంచి 50 శాతం. పరిచయాలు కుదిరి ఎనిమిది పది క్లినిక్‌లు చేతిలో ఉంటే నెలకి లక్ష, లక్షన్నర దాటేవాళ్ళున్నారు. మొదటి ఏడాది ముప్పై నలభై వేలకి తంటాలు పడేవాళ్ళు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు, ఎందుకంటే క్లినిక్ ఓనర్‌కి ఆల్రెడీ ఒక కన్సల్టెంట్ ఉంటాడు కదా, వాడు ఫోనెత్తనప్పుడే మీకు ఫోనొస్తుంది. పైగా ఇది ఉద్యోగం కాదు, పీఎఫ్ లేదు, లీవు లేదు, వచ్చేది ప్రొఫెషనల్ ఫీజు, దాని మీద 10 శాతం టీడీఎస్ కోస్తారు, రిటర్న్ వేస్తేనే వెనక్కొస్తుంది. చెయ్యి నొప్పెట్టినా నడుం పట్టేసినా ఆ నెల అంతే సంగతులు. మెడ నొప్పి, నడుం నొప్పి లేని డెంటిస్టుని నేనింకా చూళ్ళేదు.

ఎండీఎస్‌లో కూడా అన్ని బ్రాంచీలూ ఒకటి కాదు, ఇది కౌన్సెలింగ్‌లో కూర్చున్న పిల్లలకి ఎవరూ సూటిగా చెప్పరు. రూట్ కెనాల్ చేసే ఎండో, క్లిప్పులు వేసే ఆర్థో, క్యాప్‌లూ పళ్ళ సెట్లూ చూసే ప్రాస్తో, ఓరల్ సర్జరీ, పిల్లల పళ్ళ డాక్టర్లైన పీడో, వీటికి క్లినిక్‌లలో పిలుపు ఉంటుంది. చిగుళ్ళు చూసే పీరియోకి కూడా పర్లేదు, ఇంప్లాంట్లు నేర్చుకుంటే. ఓరల్ పాథాలజీ, పబ్లిక్ హెల్త్, ఓరల్ మెడిసిన్ చేసినవాళ్ళకి ఎక్కువగా దిక్కు కాలేజీ ఉద్యోగమే. గవర్నమెంట్ సీటు వస్తే మాత్రం కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు, పీజీ మొదటి ఏడాది స్టైపెండే నెలకి 67,032. బయట చాలామంది ఎండీఎస్ డాక్టర్లకి రెండేళ్ళు తిరిగినా నెలకి అంత రాదు. మేనేజ్‌మెంట్ సీటుకి ఏడాదికి లక్షలకి లక్షలు కట్టి, పైగా ఇంట్రెస్ట్ లేని బ్రాంచి తీసుకోవడం గురించి అయితే నా అభిప్రాయం అడక్కండి, పొలం అమ్మి చేర్పించిన తండ్రుల్ని చూశాను.

గవర్నమెంట్ ఉద్యోగం అంటారా. జీతం వరకు దానికి తిరుగు లేదు. డెంటల్ అసిస్టెంట్ సర్జన్ స్కేల్ 58,850 నుంచి 1,37,050, దాని మీద డీఏ, హెచ్‌ఆర్‌ఏ. క్లినిక్ జీతం పక్కన పెట్టి చూస్తే కళ్ళు తిరుగుతాయి. 2025లో మెడికల్ అండ్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు నోటిఫికేషన్ ఇచ్చింది, ఎన్ని పోస్టులకంటే 48. రాష్ట్రం మొత్తానికి. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన బ్యాచిలన్నీ దానికే ఎగబడ్డాయి. ఎందుకంత తక్కువంటే ప్రభుత్వ వ్యవస్థలో డెంటల్ చైర్ ఎక్కువగా ఉండేది ఏరియా ఆస్పత్రి, జిల్లా ఆస్పత్రి లాంటి పెద్ద చోట్లే. ఊళ్ళో పీహెచ్‌సీలో ఎంబీబీఎస్ డాక్టర్ ఉంటాడు, పన్ను నొప్పికి ఆయన యాంటీబయాటిక్, నొప్పి గోళీ రాసిచ్చి పంపిస్తాడు. బస్తీ దవాఖానాలు వచ్చాయి, పల్లె దవాఖానాలు వచ్చాయి, జిల్లాకో మెడికల్ కాలేజీ వచ్చింది, ఎంబీబీఎస్ వాళ్ళకి కొత్త కుర్చీలు పడుతూనే ఉన్నాయి గానీ పళ్ళ డాక్టర్ కుర్చీ మాత్రం అక్కడే ఆగిపోయింది.

ఇన్సూరెన్స్ కూడా ఇంతే. ప్రమాదంలో దవడ ఎముక విరిగితే ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ జరుగుతుంది, పన్ను పుచ్చితే జేబులోంచే. ప్రైవేట్ హెల్త్ పాలసీలు కూడా చాలావరకు మామూలు డెంటల్ పనిని పక్కన పెట్టేస్తాయి, యాక్సిడెంట్ అయితే తప్ప. గుండెకి స్టెంట్ వేసే డాక్టర్‌కి డబ్బులిచ్చేది కంపెనీ లేదా సర్కారు, మాకు ఇచ్చేది మాత్రం ఎదురుగా కూర్చున్న మనిషి, ఆయన జేబులో ఉన్నంతే. అందుకే నెల మొదటి వారం క్లినిక్ కళకళలాడుతుంది, ఇరవయ్యో తారీకు తర్వాత "జీతం పడ్డాక వస్తం డాక్టర్" అంటారు. పేషెంట్ అంతవరకు ఆగగలడు, ఎందుకంటే నొప్పి గోళీ వేసుకుంటే తగ్గుతుంది. అలా వాయిదా పడ్డ పన్నే ఆర్నెల్ల తర్వాత పీకే పన్ను అవుతుంది, మాకు వచ్చేది పదివేల కేసు కాదు, ఐదొందల కేసు.

మరి జిల్లాలకి వెళ్ళొచ్చుగా అంటారు. వెళ్ళొచ్చు, నిజానికి వెళ్ళాలి కూడా. హైదరాబాద్‌లో ఒకే వీధిలో మూడు డెంటల్ బోర్డులు కనపడుతుంటే కొన్ని మండల కేంద్రాల్లో ఒక్కటి కూడా లేదు. జగిత్యాల, మంచిర్యాల, సూర్యాపేట లాంటి చోట్ల రూట్ కెనాల్ రెండు మూడు వేలకే చేయాలి, కానీ అద్దె ఎనిమిది పది వేలే, యాడ్స్ ఖర్చు అక్కర్లేదు, ఊరే యాడ్. గల్ఫ్ వలస ఎక్కువున్న జగిత్యాల, నిజామాబాద్ వైపు ఇంకో విశేషం ఉంది, రెండు నెలల సెలవు మీద దుబాయ్ నుంచి వచ్చినోళ్ళు అక్కడ చేయించుకోలేని పళ్ళ పనంతా ఇక్కడే ఒకేసారి చేయించుకుని పోతారు. హైదరాబాద్‌లో ఇదే పని డిసెంబర్‌లో, ఎండాకాలం సెలవుల్లో అమెరికా వాళ్ళతో జరుగుతుంది, ఇంప్లాంట్ల సీజనే అది. నల్గొండ సంగతి వేరు, ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన తరం అది, పళ్ళు తయారయ్యే చిన్న వయసులోనే పడిన మచ్చలు కాబట్టి ఇప్పుడు నీళ్ళు మారినా ఆ పసుపూ గోధుమా మచ్చలు పోవు. పెళ్ళి చూపులకి ముందు వెనీర్లు, అంటే పన్ను మీద అతికించే పలచటి తొడుగులు, వేయించుకుందామని వచ్చే అబ్బాయిలూ అమ్మాయిలూ ఎంతోమంది. ఇక జిల్లాలో కష్టం ఏంటంటే, సగంమంది కుర్చీలో కూర్చుంటూనే "పీకెయ్యండి సార్, ఒడిసిపోతది" అంటారు, పక్క సందులో డిగ్రీ లేకుండా పళ్ళ సెట్లు కట్టేవాళ్ళు వెయ్యికే కట్టేస్తుంటారు, కన్సల్టెంట్ ఆదివారం తప్ప రాడు. రెండేళ్ళు ఓపిక పట్టినవాళ్ళు నిలబడ్డారు, ఆరు నెలలకే ఇది నా వల్ల కాదని హైదరాబాద్ తిరిగి వచ్చినవాళ్ళూ ఉన్నారు.

ఇంకో మాట, ఇది ఎవరూ పైకి అనరు. బీడీఎస్ చదివేవాళ్ళలో అమ్మాయిలే ఎక్కువ. ఇంటర్వ్యూలో "పెళ్ళెప్పుడమ్మా?" అని అడిగే ఓనర్లు ఇప్పటికీ ఉన్నారు, ఎలాగూ ఏడాదిలో మానేస్తుందని ముందే జీతం తగ్గించి చెప్తారు. ఇక టైమింగ్స్. డెంటల్ క్లినిక్‌కి అసలు రద్దీ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర, ఆఫీసులు అయ్యాకే జనం వస్తారు. చంటిపిల్ల ఉన్న ఇంట్లో ఆ టైం ఎవరు వదులుతారు? పొద్దున సగం పూట చేస్తానంటే ఏడెనిమిది వేలు, అందులో ఆటోకే మూడు వేలు. ఐదేళ్ళు కష్టపడి చదివిన అమ్మాయి ఇంట్లో కూర్చుందంటే అది ఆ అమ్మాయి బద్ధకం కాదండీ.

అందుకే చాలామంది అమీర్‌పేట దారి పడుతున్నారు, మెడికల్ కోడింగ్‌కి, అంటే ఆస్పత్రి బిల్లుల కోసం జబ్బులకీ చికిత్సలకీ కోడ్‌లు వేసే పనికి. కొన్ని నెలల కోచింగ్, సీపీసీ అనే కోడింగ్ సర్టిఫికెట్, మొదట్లో జీతం క్లినిక్ కంటే పెద్ద ఎక్కువేం కాదు గానీ శని ఆదివారాలు సెలవు, పీఎఫ్, రెండేళ్ళకోసారి కంపెనీ మారితే హైక్. మందుల సైడ్ ఎఫెక్టులు నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ కూడా అంతే. డెంటిస్ట్రీ వదిలేశారని వీళ్ళని చిన్నచూపు చూడ్డం నాకు నచ్చదు, లెక్క చూసుకునే వెళ్ళారు.

విదేశాలంటే గల్ఫ్‌లో చాలాచోట్ల రెండేళ్ళ అనుభవం చూపించాలి, లైసెన్స్ పరీక్ష రాయాలి, సర్టిఫికెట్లన్నీ వెరిఫికేషన్‌కి వెళ్తాయి. అంటే పదిహేను వేలకి చేసిన ఆ క్లినిక్ ఉద్యోగానికి ఎక్స్‌పీరియన్స్ లెటర్ తీసుకోకపోతే ఇక్కడ బోల్తా పడతారు. అమెరికా ఇంకా పెద్ద కథ, అక్కడి లేబర్ శాఖ లెక్కల్లో 2024లో డెంటిస్ట్ మధ్యస్థ సంపాదన ఏడాదికి 1,79,000 డాలర్ల పైచిలుకు, ఆ అంకె చూసి అందరికీ నోరూరుతుంది. కానీ మన బీడీఎస్ మీద నేరుగా ప్రాక్టీస్ చేయనివ్వరు, ఐఎన్‌బీడీఈ అనే అక్కడి డెంటల్ బోర్డు పరీక్ష పాసై, విదేశాల్లో చదివిన డెంటిస్టులకి ఇచ్చే అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ సీటు కొట్టి, రెండు మూడేళ్ళు అక్కడ మళ్ళీ చదవాలి, ఫీజు కోట్లలోకి పోతుంది. భర్త ఉద్యోగం మీద వెళ్ళి, ఆయన జీతంతో ఇల్లు నడుస్తుంటే చదువుకున్నవాళ్ళే ఎక్కువగా బయటపడ్డారు. ఇక్కణ్ణుంచి ఒంటరిగా లోన్ మీద ఎంపీహెచ్ (పబ్లిక్ హెల్త్ పీజీ) అని వెళ్ళి, అక్కణ్ణుంచి డెంటల్‌లోకి మారదాం అనుకునేవాళ్ళు మాత్రం వెళ్ళేముందు ఆల్రెడీ వెళ్ళినవాళ్ళతో గంట మాట్లాడండి.

సొంత క్లినిక్ పెట్టాలనుకునేవాళ్ళకి చైర్ దేశీ అయితే రెండు లక్షల లోపే దొరుకుతుంది, డిజిటల్ ఎక్స్‌రే తీసే ఆర్‌వీజీ సెన్సార్ ఒకటిన్నర రెండు లక్షలు, కంప్రెసర్, పనిముట్లు శుద్ధి చేసే ఆటోక్లేవ్, ఇంటీరియర్ కలిపి సింపుల్‌గా అయినా ఎనిమిది పది లక్షలు అవుతుంది. జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) ఆఫీసులో రిజిస్ట్రేషన్, బయోమెడికల్ వేస్ట్ అగ్రిమెంట్, ఎక్స్‌రేకి అణుశక్తి నియంత్రణ బోర్డు (ఏఈఆర్‌బీ) రిజిస్ట్రేషన్, ఇవి అయ్యాకే బోర్డు. చాలామంది ఇంటీరియర్‌కి ఆరు లక్షలు తగలేసి, ఆర్నెల్ల అద్దె చేతిలో ఉంచుకోరు. అక్కడే మునుగుతారు.

ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళు మాత్రం జాయిన్ అయ్యే ముందే ఓనర్‌తో ఈ నాలుగూ తేల్చుకోండి, మొహమాటం వద్దు. పర్సెంటేజీ ఎన్ని నెలల తర్వాత మొదలవుతుంది, ల్యాబ్ ఖర్చు తీసేసి ఇస్తారా తీయక ముందా, క్యాప్ ఊడి మళ్ళీ చేయాల్సొస్తే ఆ ఖర్చు ఎవరి ఖాతాలో, పేషెంట్ ఇన్‌స్టాల్‌మెంట్లలో కడుతుంటే మీ వాటా ఎప్పుడు చేతికొస్తుంది. చివరిదే అన్నిటికంటే ముఖ్యం. క్లిప్పుల కేసు ఏడాదిన్నర సాగుతుంది, మీరు ఎనిమిదో నెలలో మానేస్తే మిగతా డబ్బు సంగతి వాట్సాప్‌లో ఒక మెసేజ్ రూపంలోనైనా రాయించుకోండి.